నాలుగు మీటర్ల గీత

2022 ఆగస్టు 15న, స్వతంత్ర భారతం డెబ్బై అయిదేళ్లు నిండిన వేడుకల్లో మునిగి ఉన్న రోజున, మహీంద్రా సంస్థ తాను తేబోయే అయిదు విద్యుత్ కార్ల నమూనాలను లోకానికి చూపింది. చూపిన చోటు ముంబయి కాదు, ఆ కార్లు తయారు కావలసిన పుణె సమీపంలోని చాకన్ కాదు, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్. ఆ సీమలో బాన్‌బరీ అనే చిన్న పట్టణంలో సంస్థకు డిజైన్ స్టూడియో ఉంది. అక్కడికి కొద్ది పదుల కిలోమీటర్ల దూరంలో, ఆక్స్‌ఫర్డ్ నగరపు అంచున కౌలీ అనే పారిశ్రామికవాడ ఉంది. 1950లలో ఆ వాడలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే హుగ్లీ ఒడ్డుకు చేరి, అంబాసిడర్ అనే పేరుతో మూడు తరాల భారతీయులకు కారు అంటే ఇదీ అన్న రూపాన్ని స్థిరపరచింది.

ఈ కాకతాళీయాన్ని చూసి నవ్వుకున్నవారు కొందరు, నొచ్చుకున్నవారు కొందరు. కొత్త విద్యుత్ కార్ల రూపురేఖలపై అప్పటినుంచి సాగుతున్న వాదోపవాదాలు సామాన్యమైనవి కావు. అంతరిక్ష నౌకలా ఉందని మురిసేవారు ఒకవైపు, ఆటబొమ్మలా ఉందని పెదవి విరిచేవారు మరొకవైపు. ముందు జల్లెడ ఎందుకు మూసేశారు, దీపాలను ఆ చివరినుంచి ఈ చివరికి గీతలా ఎందుకు లాగారు, తలుపు పిడులను తలుపులోకే ఎందుకు దాచారు అన్న ప్రశ్నలకు సాంకేతికమైన జవాబులు ఉన్నాయి. ఇంజను లేని బండికి ముందునుంచి అంత గాలి అవసరం లేదు. గాలి ఒరిపిడి ఎంత తగ్గితే ఒక్క చార్జింగుతో అంత ఎక్కువ దూరం పోవచ్చు. అయితే భారతదేశంలో కారు ఆకృతి కథ సాంకేతికతతో మొదలై దానితోనే ముగిసేది కాదు. బొమ్మ గీసిన చేతులు కౌలీలో, ట్యూరిన్‌లో, జపాన్‌లోని హమామాత్సులో, నేడు బాన్‌బరీలో ఉన్నాయి. ఆ బొమ్మ పొడవు వెడల్పులు నిర్ణయించిన కొలబద్ద మాత్రం ఏనాడూ ఢిల్లీ దాటి పోలేదు.

ఆ కొలబద్ద మొదటి రూపం లైసెన్సు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్ముకునే కంపెనీలకు ఇక్కడ చోటు లేదని, తయారీకి సిద్ధపడినవారే ఉండాలని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలిన కొద్దిమందిలో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ ఒకటి. కలకత్తా సమీపంలోని ఉత్తరపాడాలో 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెల దాకా సాగింది. ఈ యాభై ఏడేళ్లలో ముందు జల్లెడ మారింది, ఇంజను మారింది, వెనుక దీపాలు మారాయి. గుండ్రటి భుజాలు, ఎత్తయిన పైకప్పు, వెడల్పాటి వెనుక సీటు మారలేదు. మార్చవలసిన అవసరం సంస్థకు కలగలేదు. పోటీ లేని చోట, కొనుగోలుదారుల్లో మొదటి వరుసలో సర్కారే ఉన్న చోట, కొత్త అచ్చుల మీద డబ్బు పోసే వ్యాపారి ఎవరు? తలపాగా తీయనక్కరలేకుండా కూర్చోగల కారు అని నేడు అంబాసిడర్‌ను ప్రేమగా తలచుకుంటున్నవారు, ఆ కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన మధ్యతరగతిని కూడా తలచుకోవాలి. తెల్ల రంగు, ఎర్ర బుగ్గ, వెనుక కిటికీకి తెర అనే ఆ త్రయం అధికారానికి గుర్తుగా మిగిలిందంటే, కారు అనేది జనం వస్తువుగా కాక రాజ్యం వస్తువుగా ఎంతకాలం బతికిందో అర్థమవుతుంది.

జనం కారు అన్న మాట మాత్రం ఆనాడూ ఉంది. 1959-60లో ఎల్.కె. ఝా నాయకత్వంలోని కమిటీ చవక కారు తయారీ గురించి ఆలోచించమంది. తర్వాత మరిన్ని కమిటీలు వచ్చాయి, దస్త్రాలు పెరిగాయి. ప్రణాళికా సంఘం దృష్టిలో కారు విలాసం. బస్సుకు, లారీకి దక్కవలసిన ఉక్కును, విదేశీ మారకాన్ని కారుకు ఇవ్వడం అన్యాయం. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ అదే ప్రభుత్వం 1970లో ప్రధాని కుమారుడు సంజయ్ గాంధీకి ఏటా 50,000 చిన్న కార్లు తయారు చేసుకునేందుకు అనుమతి పత్రం ఇచ్చినప్పుడు ఆ న్యాయం ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు. బన్సీలాల్ ముఖ్యమంత్రిగా ఉన్న హరియాణా గుర్గావ్‌లో సుమారు 300 ఎకరాలు సమకూర్చింది. రోడ్డెక్కిన కారు మాత్రం లేదు. ఎమర్జెన్సీ తర్వాత జనతా ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.సి. గుప్తా కమిషన్ ఆ కథలోని చీకటి కోణాలను 1979లో నివేదికగా సమర్పించింది.

1980 జూన్‌లో సంజయ్ గాంధీ విమాన ప్రమాదంలో మరణించారు. ఆ ఏడాదే మారుతి ఆస్తులను కేంద్రం జాతీయం చేసింది. 1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది, 1982లో సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న, అంటే సంజయ్ జన్మదినాన, మొదటి మారుతి 800 తాళాలను ఇందిరా గాంధీ స్వయంగా అందించారు. ఒక తల్లి దుఃఖం, ఒక ప్రభుత్వ రంగ సంస్థ, ఒక జపాను సాంకేతికత కలిసి భారతీయ మధ్యతరగతికి కారునిచ్చిన విచిత్ర సన్నివేశమది. మూడున్నర మీటర్ల పొడవు కూడా లేని, 796 సీసీ ఇంజనుతో నడిచే ఆ బండిని అంబాసిడర్‌కు అలవాటుపడిన కళ్లు అగ్గిపెట్టె అని ఎగతాళి చేశాయి. పదేళ్లు తిరక్కుండానే ఆ అగ్గిపెట్టె దేశంలో కారుకు మారుపేరయింది. డిజైన్ మీద తొలి అభిప్రాయాలు ఎంత చపలమైనవో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సరళీకరణతో లైసెన్సు పోయింది. రాజ్యం చేతిలో కొలబద్ద రెండో రూపం దాల్చింది. 2006 ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా అక్కడే నిర్వచించారు: పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజనయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ దాటకూడదు. చిన్న కార్ల తయారీకి భారత్‌ను ప్రపంచ కేంద్రంగా చేయాలన్నది లక్ష్యం. ఆశయం మంచిదే. ఇరుకు వీధులు, దిగుమతి చమురు, పరిమిత ఆదాయాలు ఉన్న దేశంలో చిన్న బండికి పన్ను తగ్గించడాన్ని ఎవరు తప్పు పడతారు? అయితే ఆనాడు గీసిన గీత భారతీయ కారు ముఖాన్ని, ముఖ్యంగా దాని వెనుక భాగాన్ని, ఎలా మలచబోతోందో ఊహించినవారు అరుదు.

2008లో టాటా సంస్థ తన ఇండిగో సెడాన్ డిక్కీని కోసి, నాలుగు మీటర్లలోపు ఒదిగించి, ఇండిగో సీఎస్ అన్న పేరుతో అమ్మింది. ప్రపంచంలో ఎక్కడా లేని ఒక వాహన జాతి ఆ విధంగా పుట్టింది. అదే ఏడాది వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో దాని రెండో తరం వచ్చేసరికి పొడవు 3995. మధ్యలో పోయిన పదహారున్నర సెంటీమీటర్లూ డిక్కీలోవే. పక్కనుంచి చూస్తే కారు వెనుక ఎవరో తలుపు వేసి నొక్కినట్లు ఉందని విమర్శకులు వెక్కిరించారు. కొనుగోలుదారులు పట్టించుకోలేదు. డిక్కీ ఉన్న కారు ఇంటిముందు నిలవడం గౌరవం; ఆ గౌరవం తక్కువ పన్నుతో వస్తే మరీ మంచిది. హోండా అమేజ్, హ్యుందాయ్ ఎక్సెంట్ అదే బాట పట్టాయి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 3999 మిల్లీమీటర్ల లెక్కతో వచ్చింది. వెనుక తలుపుకు వేలాడే స్టెపినీ ఆ లెక్కలోకి రాదు. ఒక్క మిల్లీమీటరు వదిలి గీత ముందు ఆగిన ఆ కారును చూస్తే, దాని డిజైనర్ పక్కనే పన్నుల లెక్కలు చూసే అకౌంటెంటు కూడా కూర్చున్నాడనే అనిపిస్తుంది.

2017లో జీఎస్టీ వచ్చాక ఈ కొలతల శాస్త్రం మరింత సూక్ష్మమైంది. పెద్ద ఎస్‌యూవీలపై 28 శాతం పన్నుకు తోడు 22 శాతం పరిహార సెస్సు పడింది. ఎస్‌యూవీ అనిపించుకోవడానికి పొడవు, ఇంజను సామర్థ్యంతో పాటు నేలకూ బండి అడుగుకూ మధ్య 170 మిల్లీమీటర్ల ఎత్తు కూడా ప్రమాణమైంది. మోటారు వాహనాన్ని పన్నుల అధికారి టేపు పట్టుకుని పొడవూ ఎత్తూ కొలిచే దేశంలో సృజన అన్నది ఆ టేపు లోపలే జరగాలి. నెక్సాన్, బ్రెజా వంటి బండ్లు ఆ ఇరుకులోనే అందంగా కుదిరాయి. అది మన ఇంజనీర్ల ప్రతిభకు నిదర్శనమని ఒప్పుకోవలసిందే.

ఈ కాలమంతా విద్యుత్ కారు ఎక్కడుంది? ఉంది, కానీ ఎవరి కళ్లలోనూ ఆనలేదు. బెంగళూరులో చేతన్ మైనీ 2001లో రేవాను మార్కెట్లోకి తెచ్చారు. రెండు తలుపులు, రెండున్నర మీటర్లకు కాస్త మించిన పొడవు, సీసం ఆమ్లం బ్యాటరీలు, ఒక్క చార్జింగుతో సుమారు 80 కిలోమీటర్ల ప్రయాణం. చూడ్డానికి వంగతోటలో బొమ్మలా ఉందన్నవారే ఎక్కువ. అదే బండి 2004 నుంచి లండన్‌లో జీ-విజ్ పేరుతో అమ్ముడైంది. అక్కడి వ్యాఖ్యాతలూ దాని రూపాన్ని చీల్చి చెండాడారు. అయినా లండన్ వీధుల్లో అది తిరిగింది. కారణం ఒక్కటే: నగర కేంద్రంలోకి వచ్చే కార్లపై 2003లో విధించిన రద్దీ రుసుము విద్యుత్ బండికి వర్తించలేదు. తక్కువ దూరాలు తిరిగే కుటుంబానికి ఆ మినహాయింపు పెద్ద ఆదా. రూపం ఎలా ఉన్నా, లెక్క కుదిరింది. భారత్‌లో అటువంటి లెక్క ఏదీ కుదర్చలేదు. ప్రపంచమంతా కలిపి నాలుగు వేల పైచిలుకు బండ్లతో రేవా కథ ఆగిపోయింది. 2010లో సంస్థలో మెజారిటీ వాటాను మహీంద్రా కొన్నది. 2013 మార్చిలో ఈ2ఓ అనే కొత్త కారును విడుదల చేసేనాటికి అంతకుముందు ఇచ్చిన కేంద్ర రాయితీ గడువు తీరిపోయింది. జాతీయ విద్యుత్ వాహన ప్రణాళికను ఆ జనవరిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ఘనంగా ఆవిష్కరించారు. 2020 నాటికి అరవై డెబ్బై లక్షల వాహనాలు అని అందులో రాసుకున్నారు. డబ్బు మాత్రం 2015లో ఫేమ్ పథకం వచ్చేదాకా కదల్లేదు. కదిలిన డబ్బులోనూ గణనీయమైన భాగం, డీజిల్ ఇంజనుకు చిన్న బ్యాటరీ తగిలించిన పాక్షిక హైబ్రిడ్ కార్లకు పోయింది. 2017లో ఆ తప్పు దిద్దారు.

అదే 2017లో మే 1 నుంచి మంత్రుల కార్లమీది ఎర్ర బుగ్గలు దిగిపోయాయి. సెప్టెంబరులో ఇంధన మంత్రిత్వ శాఖ పరిధిలోని ఈఈఎస్ఎల్ ప్రభుత్వ కార్యాలయాల కోసం 10,000 విద్యుత్ కార్లు కొంటామని టాటా సంస్థను ఎంపిక చేసింది. అంబాసిడర్ ఖాళీ చేసిన చోటులోకి మళ్లీ తెల్లని సెడానే వచ్చింది. కానీ ఈసారి సర్కారు బంగళాల ముందు ఆదరణ కరవైంది. చెప్పినంత దూరం పోవడం లేదని అధికారుల నుంచే ఫిర్యాదులు వచ్చాయి. 2030 నాటికి దేశంలో అమ్మే ప్రతి కారూ విద్యుత్‌దే కావాలన్న మంత్రుల ప్రకటన, కంపెనీలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేసి తీరుతామన్న గర్జన, ఏడాది తిరక్కుండా 30 శాతం లక్ష్యంగా మెత్తబడింది.

సర్కారు పథకాల ఊసు లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా విద్యుత్ వాహనం దేశంలో మరో దారిన అప్పటికే వచ్చేసింది. 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి ఢిల్లీ వీధుల్లో కనిపించసాగిన ఈ-రిక్షాకు డిజైన్ స్టూడియో లేదు. చైనా నుంచి వచ్చిన విడిభాగాలను ఢిల్లీ శివార్లలోని చిన్న షెడ్లలో బిగించేవారు. ఇనుప చట్రం, రేకు పైకప్పు, ఎదురెదురు బల్లలు, సీటు కింద నాలుగు సీసం బ్యాటరీలు. రిక్షా తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిన మనిషికి అది విముక్తి. మెట్రో స్టేషను నుంచి ఇంటి సందు దాకా పది రూపాయలతో చేరే ప్రయాణికుడికి అది కారు కన్నా మిన్న. 2014 జూన్‌లో రాంలీలా మైదానంలో జరిగిన సభలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఆ బండ్లకు అభయమిచ్చారు. భద్రత దృష్ట్యా జూలై 31న ఢిల్లీ హైకోర్టు వాటిని నిషేధించింది. అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది: మోటారు శక్తి 2000 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు, ప్రయాణికులు నలుగురు. డ్రైవింగ్ లైసెన్సు షరతులు సడలిస్తూ 2015 జనవరిలో, ఢిల్లీ శాసనసభ ఎన్నికలకు నెల రోజుల ముందు, ఆర్డినెన్సు జారీ అయింది. ఓట్ల కోసమే అన్నవారు ఉన్నారు. నిజమే కావచ్చు. కానీ ఓట్ల కోసమైనా ఒక ప్రభుత్వం విద్యుత్ వాహనం గురించి అంత హడావుడిగా చట్టం మార్చిన సందర్భం అంతకుముందు లేదు.

ఫలితం అంకెల్లో ఉంది. విద్యుత్ మూడు చక్రాల బండ్ల అమ్మకాల్లో 2023లో భారత్ చైనాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కగట్టింది. అదే ఏడాది మన దేశంలో అమ్ముడైన కార్లలో విద్యుత్‌వి రెండు శాతం దరిదాపుల్లోనే ఉన్నాయి. అయినా విద్యుత్ వాహన విప్లవం అన్న శీర్షిక కింద పత్రికల్లో అచ్చయ్యే బొమ్మ ఎప్పుడూ కారుదే. 2019లో పదివేల కోట్లతో వచ్చిన ఫేమ్ రెండో దశ సీసం బ్యాటరీ బండ్లను అర్హుల జాబితాలోంచి తప్పించింది. ఆధునిక బ్యాటరీలను ప్రోత్సహించాలన్న తర్కం కాదనలేనిది. ఆధునిక బ్యాటరీ కొనగల స్తోమత లేని డ్రైవరు ఏం కావాలన్న ప్రశ్న ఆ తర్కంలో ఇమడలేదు.

రాజ్యం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం మనకే పరిమితం కాదు. కాఠ్మాండూ ఈ విషయంలో మనకన్నా ముందే పాఠం నేర్చింది. 1975లో చైనా సాయంతో అక్కడ ట్రాలీ బస్సులు తిరిగాయి. లోయను పొగతో నింపుతున్న విక్రమ్ డీజిల్ టెంపోలను (అవి మన లఖ్‌నవూలో తయారైనవే) 1999లో నిషేధించారు. వాటి చోటులోకి విద్యుత్‌తో నడిచే సఫా టెంపోలు వందల సంఖ్యలో వచ్చాయి. వాటిని నడిపేవారిలో మహిళలు గణనీయంగా ఉండడం దక్షిణాసియాలోనే విశేషం. కానీ నష్టపోయిన డీజిల్ టెంపోల యజమానులకు పరిహారంగా మైక్రోబస్సుల దిగుమతికి పన్ను రాయితీ ఇవ్వడంతో, సఫా విస్తరణకు అక్కడే బ్రేకు పడింది. ట్రాలీ బస్సు కూడా కాలక్రమేణా మూలపడింది. నేపాల్‌ను మళ్లీ విద్యుత్ దారి పట్టించింది 2015 శరత్కాలంలో భారత సరిహద్దు వద్ద నెలల తరబడి సాగిన దిగ్బంధం. పెట్రోలు బంకుల ముందు రోజుల కొద్దీ నిలబడిన జనానికి, దిగుమతి చమురు మీద బతకడం ఎంతటి పారతంత్ర్యమో అప్పుడు తెలిసింది. జలవిద్యుత్తు సొంతం, పన్నులు తగ్గించారు. నేడు ఆ దేశం దిగుమతి చేసుకునే కార్లలో అధిక భాగం విద్యుత్‌వే, వాటిలో అత్యధికం చైనావే. ఢిల్లీ తెలిసో తెలియకో పొరుగుదేశంలో బీజింగ్ కార్లకు మార్కెట్ తెరిచింది.

ఆ చైనాయే నేడు భారతీయ విద్యుత్ కారు వెనుక సీటులో కూర్చుని ఉంది. 2020 ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. బీవైడీ సంస్థ హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల కర్మాగారం పెడతానంటే 2023లో కేంద్రం కాదన్నది. అదే మేఘా సమూహానికి చెందిన ఒలెక్ట్రా, బీవైడీ సాంకేతికతతో తయారు చేసిన బస్సులు తిరుపతి నుంచి తిరుమల ఘాట్ రోడ్డెక్కుతూనే ఉన్నాయి. కర్మాగారం వద్దన్నా కణాలు ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో రూపుదిద్దుకున్న మహీంద్రా కార్లలోని బ్యాటరీ సెల్స్ బీవైడీవే. ఇక ఎంజీ సంగతి. ఆ రెండక్షరాల అర్థం మోరిస్ గ్యారేజెస్. అంబాసిడర్‌కు మాతృక అయిన కారును తయారు చేసిన విలియం మోరిస్, ఆక్స్‌ఫర్డ్‌లో నడిపిన గ్యారేజీ పేరది. చేతులు మారి మారి అది చైనా సంస్థ ఎస్ఏఐసీ ఆస్తి అయింది, 2023లో భారత విభాగంలో జిందాల్ సమూహం వాటా తీసుకుంది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఎంజీ విండ్సర్, చైనాలో వూలింగ్ పేరుతో అమ్ముడైన కారే. బ్యాటరీ లేకుండా కారు కొని, బ్యాటరీకి కిలోమీటరు చొప్పున అద్దె కట్టే పద్ధతి దానితో జనంలోకి వచ్చింది. ఆంగ్ల రాజప్రాసాదం పేరు, చైనా దేహం, భారతీయ వాటాదారు: 1957 నాటి స్వావలంబన వాదులు ఈ వంశవృక్షాన్ని చూస్తే ఏమనుకునేవారో!

2024 నవంబరు 26న చెన్నైలో మహీంద్రా విడుదల చేసిన రెండు కార్ల దగ్గరికి తిరిగి రావాలి. ఒకటి బీఈ 6ఈ. ఆ పేరు తమదని ఇండిగో విమానయాన సంస్థ కోర్టుకెక్కడంతో అది బీఈ 6గా మిగిలింది. పొడవు 4371 మిల్లీమీటర్లు. రెండోది ఎక్స్ఈవీ 9ఈ, పొడవు 4789. డాష్‌బోర్డు పొడవునా మూడు తెరలు, వాలు పైకప్పు, కోసినట్లున్న అంచులు. భారతీయ డిజైనర్ మొదటిసారి టేపు చూసుకోకుండా గీసిన గీతలవి. ఆ స్వేచ్ఛ ఊరికే రాలేదు. 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 5 శాతం. అందులో పొడవు షరతు లేదు, ఎత్తు షరతు లేదు, ధర షరతు లేదు. నాలుగు మీటర్ల గీత విద్యుత్ కారుకు వర్తించదు. మారుతి డిజైర్ డిక్కీని కోయించిన కొలబద్దే, మహీంద్రా డిజైనర్‌కు రెక్కలిచ్చింది. బీఈ 6 పొడవు పాత అంబాసిడర్‌కు దాదాపు సమానమని గమనిస్తే, ఆరు దశాబ్దాల ప్రయాణం మొదలైన కొలత దగ్గరికే వచ్చినట్లుంది.

ఈ కార్లు అందంగా లేవనడం అసూయ. 2025 ఆగస్టులో బీఈ 6కు బ్యాట్‌మన్ పేరిట ప్రత్యేక రూపమిచ్చి, 27.79 లక్షల ధరకు 999 బండ్లు పెడితే, 135 సెకన్లలో అయిపోయాయి. మన డిజైన్‌కు ఆ ఆకర్షణ రావడం సంతోషమే. చర్చించవలసింది, ఆ అందానికి పన్నులో రాయితీ ఎవరి ఖాతాలోంచి పోతోందన్నది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ పట్టికలో చిన్న పెట్రోలు కారుపై 18 శాతం, పెద్ద కారుపై 40 శాతం, విద్యుత్ కారుపై ఎంత పెద్దదైనా 5 శాతం. ఖరీదైన విద్యుత్ కార్లపై పన్ను పెంచాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చినా నిలవలేదు. తొలి కొనుగోలుదారులు ధనికులే ఉంటారు, వారివల్ల ఉత్పత్తి పెరిగి ధర దిగుతుంది, చమురు దిగుమతి తగ్గుతుంది అని సమర్థకుల మాట. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకునే దేశంలో అది తేలికగా కొట్టిపారేయగల మాట కాదు. అయితే 2006లో ఈ రాజ్యమే చిన్న బండిని ప్రోత్సహించడం ప్రజాప్రయోజనమని చెప్పింది. వీధుల వెడల్పు అప్పటికీ ఇప్పటికీ మారలేదు. బ్యాటరీ పెద్దదయ్యే కొద్దీ దిగుమతి లిథియమూ పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన కార్ల కంపెనీలు ఎలా ఉలిక్కిపడ్డాయో చూశాం. చమురు పారతంత్ర్యం స్థానంలో అయస్కాంత పారతంత్ర్యం వస్తున్నప్పుడు, రెండు టన్నుల కారుకూ ఒక టన్ను కారుకూ ఒకే రాయితీ ఏ విధంగా సబబు?

చిన్న విద్యుత్ కారు లేదా అంటే ఉంది. 2022లో టియాగో ఈవీ, 2023లో మూడు మీటర్లు కూడా లేని ఎంజీ కామెట్ వచ్చాయి. కామెట్ రూపాన్ని చూసి జనం నవ్విన నవ్వు రేవాను చూసి నవ్విన నవ్వే. చిన్న విద్యుత్ బండిని కొన్నవారికి పెద్ద బండి కొన్నవారి కన్నా అదనంగా దక్కేదేమీ లేదు. కంపెనీలు లాభం ఎక్కువున్న పెద్ద బండివైపే మొగ్గడంలో వింతేమీ లేదు. విచిత్రంగా, నాలుగు మీటర్ల గీత మరో వాకిట మళ్లీ ప్రత్యక్షమైంది. 2025 సెప్టెంబరులో వెలువడిన ఇంధన సామర్థ్య నిబంధనల ముసాయిదాలో 909 కిలోల లోపు బరువు, 1200 సీసీ లోపు ఇంజను, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉన్న పెట్రోలు కార్లకు సడలింపు ప్రతిపాదించారు. చిన్న కార్లమీద బతికే సంస్థ అది న్యాయమంది. పెద్ద విద్యుత్ కార్లమీద పందెం కాసినవి అన్యాయమన్నాయి. ఎవరి గీత వారిది.

ఈ కొట్లాటలో పేరు వినబడని వాహనం ఒకటుంది. ఎక్స్ఈవీ కొన్నవారు అందులోని బ్యాటరీతో కలిపి 5 శాతం పన్ను కడతారు, ఎందుకంటే బ్యాటరీ బండిలో భాగంగా వచ్చింది. ఈ-రిక్షా డ్రైవరు కూడా కొత్త బండి కొన్ననాడు 5 శాతమే కడతాడు. కానీ సీసం బ్యాటరీల ఆయుష్షు ఏడాదికి అటూ ఇటూ. అవి చచ్చిపోయాక దుకాణంలో విడిగా నాలుగు కొనాలి. విడిగా కొన్న బ్యాటరీ విద్యుత్ వాహనం కాదు, పన్నుల పట్టికలో దాని వరుస వేరు. 2025 సెప్టెంబరు దాకా ఆ వరుసలో ఉన్న అంకె 28 శాతం. ఇప్పుడు 18.